అజీర్తి మందు ట్రయల్‌లో పన్నెండు వారాలు ఉండి వచ్చా, నా రివ్యూ (5కి 3.5)

ముందే చెప్పేస్తా, స్టార్లు 3.5. మొదట మూడే ఇద్దామనుకున్నా, ఆ అర ఎందుకు కలిపానో కింద డైరీ సంగతి చదివితే తెలుస్తుంది. క్లినికల్ ట్రయల్‌కి రివ్యూ ఏంటి, అదేమన్నా మిక్సీనా అని మా ఇంట్లోనే నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ నేను టైమ్ పెట్టా, రక్తం ఇచ్చా, రోజూ రాత్రి నా పొట్ట ఎలా ఉందో ఫోన్‌లో నొక్కా, అదీ పన్నెండు వారాలు, కాబట్టి రాసే హక్కు ఉందనే నా ఫీలింగ్. ఏ సెంటరు, ఏ కంపెనీ అని మాత్రం అడక్కండి, చెప్పను.

నా కథ నాలుగేళ్లది. నాలుగు ముద్దలు తినేసరికి పీకల దాకా నిండిపోయినట్టు ఉంటది, ఆ నిండుదనం గంటలకొద్దీ దిగదు, పైన తేన్పులు, పైకడుపులో సన్నగా మంట. ఎండోస్కోపీ రెండుసార్లు చేయించా, స్కానింగ్, రక్త పరీక్షలు, అన్నీ నార్మల్. నార్మల్ అంటే సంతోషించాలంటారు కానీ బాధ పడేవాడి చేతిలో నార్మల్ రిపోర్ట్ పెడితే నువ్వు నాటకాలాడుతున్నావ్ అని చెప్పినట్టే ఉంటుంది, పడ్డోళ్లకే తెలుస్తుంది ఆ మంట. మూడో డాక్టర్ దగ్గర గానీ దీనికో పేరుందని తెలీలేదు. ఫంక్షనల్ డిస్పెప్సియా. పుండు లేదు, గడ్డ లేదు, చూడ్డానికి కడుపు బానే ఉంది, పనిచేసే తీరులోనే తేడా. ఇలాంటి కడుపు, పేగుల జబ్బుల మీద పనిచేసే రోమ్ ఫౌండేషన్ వాళ్లు 33 దేశాల్లో చేసిన సర్వే 2021లో వచ్చింది, ఇంటర్నెట్‌లో అడిగిన వాళ్లలో 7.2 శాతం మందికి ఇదుందంట. అంటే వంద మందిలో ఏడుగురు. అది చదివాక నేనొక్కణ్ణే కాదులే అని కాస్త ప్రాణం కుదుటపడింది, నిజం చెప్పాలంటే.

ట్రయల్ గురించి చెప్పింది కూడా ఆ డాక్టరే. సరే అని వెళ్తే మందు చేతికి రావడానికే నెలన్నర పట్టింది. మొదటి రోజు కోఆర్డినేటర్ మేడమ్ కూర్చోబెట్టి ప్రశ్నల మీద ప్రశ్నలు. అందులో ముఖ్యమైనవి ఈ జబ్బు ఉందో లేదో తేల్చే రోమ్ 4 రూల్స్ అంట, 2016లో వచ్చినవి. బాధ మొదలై కనీసం 6 నెలలు అయ్యుండాలి, గత 3 నెలల్లో ఉండాలి. తిన్నాక నిండుగా ఉండటం, కొంచెం తినగానే చాలనిపించడం లాంటివైతే వారానికి కనీసం 3 రోజులు ఉండాలి, నొప్పి మంట రకమైతే వారానికి 1 రోజున్నా చాలు. నాకు రెండు రకాలూ ఉన్నాయి, బోనస్. తర్వాత ఎవరెవరిని తీసుకోరో చూస్తారు. షుగర్ ఉన్నా, కడుపుకి ఆపరేషన్ అయ్యున్నా, కీళ్ల నొప్పులకి పెయిన్ కిల్లర్లు రోజూ వాడుతున్నా నో. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మింగడం కష్టమవుతున్నా, మలం నల్లగా వస్తున్నా, రక్తం తగ్గినా వాళ్లని ట్రయల్‌లో పెట్టరు, ముందు అసలు జబ్బేంటో వెతకమని పంపేస్తారు. మీలో ఎవరికైనా ఈ లక్షణాలుంటే ఈ రివ్యూ చదవడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, సీరియస్‌గా చెప్తున్నా.

ఈసీజీ కూడా తీశారు. కడుపు ఉబ్బరానికి గుండె పరీక్ష ఎందుకు మేడమ్ అన్నా. ఆవిడ చెప్పింది విని నోరు మూసుకున్నా. సిసాప్రైడ్ అని ఒకప్పుడు అజీర్తికి బాగా వాడిన మందు, కడుపుని తొందరగా ఖాళీ చేయిస్తుంది, కానీ కొందరిలో గుండె లయ తప్పి ప్రాణాల మీదకొచ్చింది, 2000లో అమెరికాలో మార్కెట్ నుంచి తీసేశారు. అప్పట్నుంచి ఈ రకం మందు ఏది టెస్ట్ చేసినా గుండెని కూడా ఓ కంట చూస్తారంట. ఇక్కడ ఫుల్ మార్కులు.

హెచ్ పైలోరి అని కడుపులో ఉండే బ్యాక్టీరియా, దాని టెస్ట్ ఊపిరి ఊది చేశారు, నాది నెగటివ్. పాజిటివ్ వస్తే ముందు ఆ బ్యాక్టీరియాని చంపే కోర్సు వాడమని పంపేస్తారు. దీని వెనకున్న సంగతి నాకు భలే నచ్చింది. 1998లో ఒకే జర్నల్‌లో, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో, దీని మీదే రెండు ట్రయల్స్ వచ్చాయి. ఒకదాంట్లో బ్యాక్టీరియాని చంపిన వాళ్లలో ఏడాది తర్వాత 21 శాతం మందికి అజీర్తి పోయింది, మిగతా గ్రూపులో 7 శాతానికే పోయింది. రెండోదాంట్లో 27.4 శాతం, 20.7 శాతం, ఆ తేడా లెక్కలోకి రాదు పొమ్మన్నారు. ఒకే జబ్బు, ఒకే బ్యాక్టీరియా, ఒకరు పనిచేస్తుందని, ఒకరు చేయదని. ఇప్పుడు అన్నీ కలిపి చూసి కొంచెం లాభం ఉంటుందనే అంటున్నారు, పధ్నాలుగు మందికి ఇస్తే ఒకరికి బాగవుతుందని లెక్క. ఆ ఒక్కడూ మనమే అయితే మటుకు అది కొంచెం లాభం కాదు కదా.

ఇంక అసలు నరకం. వాష్ అవుట్. అంటే అంతకుముందు వాడుతున్న గ్యాస్ బిళ్లలన్నీ ఆపేయాలి. నేను నాలుగేళ్లుగా పరగడుపున వేసుకుంటున్న పీపీఐ బిళ్ల (యాసిడ్ తగ్గించేది) ఆపేసిన నాలుగో రోజు నుంచి మంట మామూలు మంట కాదు, బిళ్ల మొదలుపెట్టక ముందు కూడా నాకంత లేదు. ట్రయల్ వద్దు ఏం వద్దు అని మానేద్దామనుకున్నా. డాక్టర్ ఫోన్‌లో చెప్పాడు, అది మీ జబ్బు కాదండి, బిళ్ల ఆపిన దెబ్బ అని. ఇన్నాళ్లూ అణిచిపెట్టిన యాసిడ్ ఒక్కసారిగా ఎక్కువొస్తుందంట. 2009లో 120 మంది ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద చేసి చూశారు, అసలు ఏ కడుపు బాధా లేని వాళ్లు వాళ్లు. 8 వారాలు పీపీఐ ఇచ్చి ఆపితే 44 శాతం మందికి మంట, అజీర్తి మొదలయ్యాయి, మొదట్నుంచీ మందు లేని ఉత్తుత్తి బిళ్ల తీసుకున్న వాళ్లలో 15 శాతానికే. అంటే ఆపగానే మంటొస్తే అమ్మో నాకీ బిళ్ల లేకపోతే కుదరదు అనుకుని మళ్లీ మొదలుపెడతాం, అలా నాలుగేళ్లు లాగించానేమో నేను, ఎవరికి తెలుసు. ఈ ఒక్క విషయం చెప్పినందుకైనా ట్రయల్‌కి వెళ్లింది గిట్టుబాటే. కానీ ముందే చెప్పొచ్చు కదా! ఆ రోజుల్లో నేను పడ్డది ఎవడు పడతాడు. ఇక్కడ అర స్టార్ కట్.

కన్సెంట్ ఫామ్, అంటే ట్రయల్‌కి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టే కాగితం, ఇరవై పేజీల పైనే. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్తే పెట్టేసి వచ్చే రకం నేను, కానీ మేడమ్ వదల్లేదు, ఇంటికి తీసుకెళ్లి చదివి రండి అంది. చదివితే మొదటి పేజీల్లోనే ఉంది, ఈ పరిశోధన వల్ల మీకు నేరుగా ప్రయోజనం ఉండకపోవచ్చు అని. చాలామంది ఆ లైన్ దాటేసి వెళ్తారనుకుంటా. నేనైతే రెండు రోజులు దాని దగ్గరే ఆగిపోయా. మనం వెళ్లేది బాగవడానికి, వాళ్లు చేసేది మందు పనిచేస్తుందా లేదా అని తేల్చుకోడానికి. రెండూ ఒకటి కాదు. డాక్టర్ గారు కూడా మొహమాటం లేకుండా అదే చెప్పాడు. ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మానేస్తే మామూలు వైద్యం ఆగదు అని రాసుంది, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ కూడా ఉంది. నేను ఆ నంబర్‌కి ఓసారి ఊరికే చేసి చూశా, నిజంగా ఎవరో ఎత్తారు. మంచిదే.

కడుపు ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో చూసే పరీక్ష గురించి రెండు ముక్కలు. గుడ్డు తెల్లసొన, రెండు బ్రెడ్ ముక్కలు, జామ్, నీళ్లు, అందులో లేశమంత రేడియోధార్మిక టెక్నీషియం కలిపి తినిపించి 4 గంటల పాటు మధ్యమధ్యలో కెమెరా ముందు నిలబెడతారు. 4 గంటల తర్వాత 10 శాతం కంటే ఎక్కువ కడుపులోనే ఉండిపోతే లేటుగా ఖాళీ అవుతున్నట్టు. నాది టైమ్‌కే ఖాళీ అయ్యింది! అయినా నాకు నిండుగానే ఉంది, అదీ వింత. డాక్టర్ని అడిగితే ఈ జబ్బులో అది మామూలే అన్నాడు. తిన్నప్పుడు కడుపు పైభాగం వదులై చోటివ్వాలి, కొందరికి అది వదులవదు, కొందరికి కొంచెం సాగినా నరాలు గోల పెట్టేస్తాయి, కొందరికి చిన్నపేగు మొదట్లో ఇయోసినోఫిల్స్ అనే కణాలు ఎక్కువగా చేరి ఉంటాయి, ఇన్ని రకాలకీ పేరొకటే పెట్టారు. అందుకే ఒకడికి పనిచేసిన బిళ్ల ఇంకొకడికి పనిచేయదు. ఆ 4 గంటలు కూర్చోడానికి ఉన్న కుర్చీలు మాత్రం దారుణం, ఏదైనా పుస్తకం పట్టుకెళ్లండి, అక్కడ ఫోన్ సిగ్నల్ కూడా రాదు.

ఇప్పుడు డైరీ. నన్నడిగితే ట్రయల్ అంటే ఇదే, మిగతాదంతా హంగు.

రోజూ రాత్రి 9కి ఫోన్‌లో యాప్ మోగుతుంది. ఎనిమిది ప్రశ్నలు. కొంచెం తినగానే చాలనిపించిందా, తిన్నాక నిండుగా ఉందా, పైకడుపు ఉబ్బరం, పైకడుపు నొప్పి, పైకడుపు మంట, వికారం, తేన్పులు, గుండెల్లో మంట. ఒక్కోదానికీ 0 నుంచి 4 దాకా, అస్సలు లేదు నుంచి చాలా ఎక్కువ వరకు. బెల్జియంలోని లూవెన్ వాళ్లు తయారుచేసిన స్కేల్ అంట. ఒక నిమిషం పని. చూడ్డానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆలోచించండి, బీపీ మందు టెస్ట్ చేస్తే బీపీ మిషన్ ఉంది, షుగర్ మందుకి రక్త పరీక్ష ఉంది, ఈ జబ్బుకి ఏ మిషనూ లేదు. నా ఎండోస్కోపీ ముందూ నార్మలే, తర్వాతా నార్మలే. మందు పనిచేసిందా లేదా చెప్పేది నేను రాత్రి 9కి నొక్కే ఆ అంకె ఒక్కటే. నాలుగేళ్లు నా మాట ఎవరూ నమ్మలేదు, ఇక్కడ నా మాటే కొలత! మొదటి వారం ఆ యాప్ ముందు కూర్చుని 2 నొక్కాలా 3 నొక్కాలా అని పావుగంట తన్నుకులాడేవాణ్ణి. నిన్న 3 అన్నా, ఇవాళ నిన్నటికంటే తక్కువే కానీ 2 అంత తక్కువ కాదు, ఏం చేయాలి? మా ఆవిడ చూసి మీరు పరీక్ష రాస్తున్నారా ఏంటి అంది. ఆ అర స్టార్ కలిపింది దీనికే.

యాప్ రాత్రి 12 దాటితే లాక్ అయిపోతుంది, మర్నాడు నింపుతానంటే కుదరదు. మొదట్లో ఒళ్లు మండింది, రెండు రోజులు మిస్సయ్యా కూడా. ఇదేం రూల్, కాగితం ఇస్తే రాసుకుంటాం కదా అన్నా మేడమ్‌తో. ఆవిడ నవ్వి ఒక స్టడీ సంగతి చెప్పింది, 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. నొప్పులతో బాధపడే వాళ్లకి కాగితం డైరీలు ఇచ్చారు, ఆ ఫైల్‌లో వాళ్లకి చెప్పకుండా వెలుతురు పసిగట్టే చిన్న సెన్సర్ పెట్టారు, ఎప్పుడు తెరిచారో అది రాసుకుంటుంది. వాళ్లు తెచ్చిచ్చిన డైరీల్లో 90 శాతం ఎంట్రీలు టైమ్‌కే రాసినట్టు ఉంది. సెన్సర్ లెక్క ప్రకారం నిజంగా టైమ్‌కి రాసినవి 11 శాతం! మిగతాదంతా డాక్టర్ దగ్గరికి వచ్చే ముందు ఒకేసారి కూర్చుని నింపిన బాపతు. ఎలక్ట్రానిక్ డైరీ ఇచ్చిన వాళ్లు 94 శాతం. చిన్నప్పుడు హోంవర్క్ బస్సులో రాసినోళ్లమే కదా అందరం. ఇంక లాక్ గురించి నోరెత్తలేదు. నేనైతే కచ్చితంగా ఆ 89లో ఉండేవాణ్ణి.

మందు. తెల్ల డబ్బా, పేరు లేదు, నంబర్ మాత్రమే. అందులో ఉన్నది అసలు మందా, దానిలాగే కనిపించే ఉత్తుత్తి బిళ్లా అన్నది నాకు తెలీదు, మేడమ్‌కి తెలీదు, డాక్టర్‌కీ తెలీదు, కంప్యూటర్ చీటీలు వేసి ఇచ్చినట్టు ఇచ్చింది. మరీ భరించలేనప్పుడు వేసుకోమని యాంటాసిడ్ ఇచ్చారు, ఎన్ని వేసుకున్నామో అదీ లెక్క రాయాలి, మిగిలిన బిళ్లలు తెచ్చిస్తే లెక్కపెట్టుకుంటారు. రెండో వారంలో ఒక పూట మర్చిపోయి ఆ బిళ్ల పారేసి వేసుకున్నట్టు లెక్క సరిచేద్దామా అనుకున్నా, మళ్లీ ఆ సెన్సర్ కథ గుర్తొచ్చి నిజం చెప్పేశా. ఏమీ అనలేదు.

మూడో వారం నుంచి నాకు తగ్గింది. బాగా అనను, కానీ 3లు 2లు అయ్యాయి, అప్పుడప్పుడు 1 కూడా. మా వాళ్లంతా చూశావా మందు పనిచేసింది అన్నారు. నేను మాత్రం ఎగరలేదు, ఎందుకంటే అప్పటికే నాకు చదివే పిచ్చి పట్టింది. ఈ జబ్బు ట్రయల్స్‌లో ఉత్తుత్తి బిళ్ల వేసుకున్న వాళ్లలోనే పదిమందిలో ముగ్గురు నలుగురికి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ మందికి, బాధ తగ్గుతుంది. ఈ బాధ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, మనం బాగా ఎక్కువైనప్పుడే ట్రయల్‌కి పరిగెత్తుతాం, అది ఎలాగూ కొంత దిగుతుంది. దానికి తోడు నెలకి రెండుసార్లు ఒక మనిషి కూర్చుని నా కడుపు గురించి శ్రద్ధగా వినడం, అదే సగం మందు.

ఇటోప్రైడ్ అని ఈ జబ్బుకి టెస్ట్ చేసిన ఇంకో మందు, దాని కథ చూడండి. 2006లో ట్రయల్ వచ్చింది, ఉత్తుత్తి బిళ్ల గ్రూపులో 41 శాతానికి తగ్గితే, మందు వేసుకున్న వాళ్లలో డోసుని బట్టి 57 నుంచి 64 శాతానికి తగ్గింది. ఇంకేం, పండగ. తర్వాత ఇంకా పెద్దగా రెండు ట్రయల్స్ చేశారు, 2008లో ఫలితాలొచ్చాయి, తేడా ఏమీ లేదు. మందు మారలేదు, పేరు మారలేదు, పండగ మాత్రం పోయింది. అందుకే ఒక ట్రయల్ చూసి వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసే వాళ్లంటే నాకిప్పుడు భయం.

అలాగని అన్నీ బోల్తా కొట్టలేదు. అకోటియమైడ్ అనే మందు జపాన్‌లో 2013లో ఈ జబ్బుకే అనుమతి తెచ్చుకుంది. దాని పెద్ద ట్రయల్‌లో 897 మంది, 4 వారాలు, తగ్గిందని చెప్పిన వాళ్లు 52.2 శాతం, ఉత్తుత్తి బిళ్ల గ్రూపులో 34.8 శాతం. బావుంది కదా, కానీ తిన్నాక వచ్చే మూడు బాధలూ పూర్తిగా పోయిన వాళ్లు ఎంతమంది అని చూస్తే మందుతో 15.3 శాతం, ఉత్తుత్తి బిళ్లతో 9 శాతం. పెట్టె మీద మొదటి అంకె వేస్తారు, మనకి కావాల్సింది రెండోది. అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ అయితే ఈ జబ్బుకంటూ ఒక్క మందుకీ అనుమతి ఇవ్వలేదు. డిప్రెషన్‌కి వాడే పాత మందు అమిట్రిప్టిలిన్ మీద 2015లో ఒకటి వచ్చింది, 292 మంది, దానితో 53 శాతానికి ఊరట, ఉత్తుత్తి బిళ్లతో 40 శాతం, ఎస్సిటలోప్రామ్ అనే కొత్త తరం మందుతో 38 శాతమే. అది కూడా నొప్పి ఎక్కువున్న రకానికే బాగా పనిచేసింది, కడుపు లేటుగా ఖాళీ అయ్యే వాళ్లకి అంతగా లేదు. నన్ను 4 గంటలు ఆ దిక్కుమాలిన కుర్చీలో ఎందుకు కూర్చోబెట్టారో ఇది చదివాక వెలిగింది. తిట్టుకున్నవి వాపస్ తీసుకుంటున్నా, కుర్చీని తప్ప.

వంటింటి సరుకుల మీద కూడా ట్రయల్స్ ఉన్నాయండోయ్. ఇటలీలో 30 మంది మీద చేశారు, 2002లో వచ్చింది, సగం మందికి ఎండుమిరప పొడి, రోజుకి 2.5 గ్రాములు, కాప్సూల్స్‌లో పెట్టి 5 వారాలిచ్చారు, మిగతావాళ్లకి ఉత్తుత్తి బిళ్ల. మొదట్లో మంట పెరిగి తర్వాత బాధలు తగ్గాయి, నొప్పి మోసే నరాలు ఆ ఘాటుకి మొద్దుబారతాయంట. అయితే నాదో డౌటు, మిరపకాయ మింగినోడికి తను మింగింది మిరపకాయో ఉత్తి బిళ్లో తెలియదంటారా? ఇంటి దగ్గర ట్రై చేయకండి, నేను చెప్పానని అసలే చెప్పకండి. పసుపులోని కర్క్యుమిన్ మీద థాయ్‌లాండ్‌లో చేశారు, 2023లో వచ్చింది, 206 మందితో మొదలైంది, ఒమెప్రజోల్‌తో (అదీ ఒక పీపీఐ బిళ్లే) సమానంగా ఉంది అన్నారు. అది చూసి మా చుట్టాలంతా చెప్పామా చెప్పామా అని నా మీద పడ్డారు. ఆ ట్రయల్‌లో ఉత్తుత్తి బిళ్ల గ్రూపే లేదు బాబూ. పది మందిలో నలుగురికి ఉత్తి బిళ్లతోనే తగ్గే జబ్బులో, రెండూ సమానం అంటే రెండూ పనిచేశాయనీ అనుకోవచ్చు, రెండూ చేయలేదనీ అనుకోవచ్చు. చైనాలో ఆక్యుపంక్చర్ మీద 2020లో చేసింది ఇంతకంటే నయం, 278 మంది, అసలు సూదులతో 83 శాతం, దొంగ సూదులతో 51.6 శాతం. దొంగ సూదులకే సగం మందికి తగ్గింది చూశారా!

సరే, సర్వీస్ సంగతికొస్తా. స్టాఫ్ చాలా మంచోళ్లు, కోఆర్డినేటర్ మేడమ్‌కి విడిగా 5 స్టార్లు, రాత్రి పదికి ఫోన్ చేసినా విసుక్కోలేదు. రక్తం తీసే అబ్బాయి మాత్రం ట్రైనింగ్‌లో ఉన్నాడనుకుంటా, మూడుసార్లు గుచ్చాడు. దారి ఖర్చులు ఇస్తామన్నారు, ఇచ్చారు, కానీ రెండు నెలలు లేటు, బిల్లులు మూడుసార్లు అడిగారు. పరగడుపున రమ్మని పొద్దున్నే పిలిచి పదకొండు దాకా కూర్చోబెట్టారు రెండుసార్లు. అసలే కడుపు రోగి, పరగడుపున పదకొండు దాకా! ఇక్కడ ఇంకో అర.

మిగిలిన ఒక స్టార్ ఎక్కడ పోయిందంటే, పన్నెండో వారం అయిపోగానే డబ్బా వెనక్కి తీసేసుకున్నారు. థాంక్యూ అండి అన్నారు. అంతే. బాగున్నది వేసుకుందాం అంటే ఆ బిళ్ల బయట దొరకదు, నేను వేసుకున్నది మందో కాదో కూడా చెప్పరు, మొత్తం అందరిదీ అయిపోయి, డేటా అంతా సరిచూసి తాళం వేశాకే చెప్తారంట. రూల్ అర్థమైంది, ఒకడికి చెప్తే మిగతా లెక్కంతా పాడవుతుంది. అయినా యాప్ ఆగిపోయిన రోజు రాత్రి 9కి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నా, మోగలేదు. ఇవాళ ఉబ్బరం 2 అని ఎవరికి చెప్పాలి?

వెళ్దామనుకునే వాళ్లు ముందు అడగాల్సినవి నాకు తోచినవి చెప్తా. ఇప్పుడు వాడుతున్న బిళ్లలు ఏవి ఆపాలి, ఆపితే ఏమవుతుంది, అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి. ట్రయల్ అయ్యాక పనిచేస్తే ఆ మందు ఇస్తారా. నా గ్రూపు ఏదో ఎప్పుడు చెప్తారు, కాగితం మీద రాసిస్తారా. ట్రయల్ రిజిస్టర్ అయ్యిందా, నంబరెంత. ఈ నంబర్ ముఖ్యం, 2000 నుంచి నడుస్తున్న క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ లాంటి వెబ్‌సైట్‌లో కొడితే ఎంతమందిని తీసుకుంటున్నారు, ముందుగా ఏ లెక్కని గెలుపు అని రాసుకున్నారు అన్నీ కనిపిస్తాయి, తర్వాత గోల్‌పోస్ట్ జరిపితే పట్టుకోవచ్చు. నంబర్ చెప్పడానికి ఎవరైనా నసిగితే లేచి వచ్చేయండి. గర్భంతో ఉన్నవాళ్లు, త్వరగా తగ్గాలి అనే తొందరలో ఉన్నవాళ్లు, రోజూ రాత్రి ఒక నిమిషం కూడా కుదరని వాళ్లు అసలు వెళ్లకండి, మీ టైమూ వేస్టు, వాళ్ల లెక్కా వేస్టు.

ఎడిట్: చాలామంది బిళ్ల పేరు చెప్పమని అడుగుతున్నారు. డబ్బా మీద నంబరే ఉందని పైన రాశా, మళ్లీ చదవండి.

ఇంకో ఎడిట్: ట్రయల్ అయిపోయి ఎనిమిది నెలలైంది. మొన్న నేనే ఫోన్ చేశా, డేటా తాళం ఇంకా పడలేదంట, పడ్డాక ఉత్తరం వస్తుందన్నారు. ఈలోగా ఉబ్బరం మళ్లీ మెల్లిగా 2 నుంచి 3కి వచ్చింది. పీపీఐ మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదు. ఫోన్ పెట్టేసే ముందు మేడమ్ అడిగింది, ఇంకో కొత్త ట్రయల్ వస్తోంది, స్క్రీనింగ్‌కి వస్తారా అని. ఆ కుర్చీలు మార్చారా అని అడిగా. మార్చలేదంట. సోమవారం వెళ్తున్నా.